పునుగు గిన్నె – పరిమళపు సీసా

పాఠ్యభాగ ఉద్దేశం

ఒకే సుగంధద్రవ్యం తిరుమలలోనూ, పారిస్ నగరంలోనూ ఏ విధంగా ఆదరణ పొందిందో, దానిని ఉంచిన పాత్రలు ఆయా సమాజాల అభిరుచిని ఎలా పట్టి చూపుతాయో, ఆ ద్రవ్యాన్ని ఇచ్చే మూగజీవి విషయంలో మనిషి ఎట్లా ప్రవర్తించాడో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

తిరుమల శ్రీవేంకటేశ్వరస్వామి మూలమూర్తికి ప్రతి శుక్రవారం తెల్లవారుజామున అభిషేకం జరుగుతుంది. పాలు, పసుపు, చందనం, శుద్ధజలం మొదలైన వాటితో తిరుమంజనం పూర్తయిన తరువాత స్వామి విగ్రహానికి పునుగు తైలాన్ని అలదుతారు. గడ్డం మీద పచ్చకర్పూరాన్ని అద్దుతారు. అనంతాళ్వారు విసిరిన గునపం తగిలి స్వామికి గాయమైందనీ, దానికి ఉపశమనంగా కర్పూరం అద్దే ఆచారం ఏర్పడిందనీ క్షేత్ర కథ. ఆ గునపాన్ని నేటికీ మహాద్వారం వద్ద చూడవచ్చు. శ్రీవైష్ణవ సంప్రదాయంలో శ్రీరంగానికి భోగమండపమని, కంచికి త్యాగమండపమని, తిరుమలకు పుష్పమండపమని పేర్లు. పరిమళానికి అంత ప్రాధాన్యమిచ్చిన క్షేత్రం మరొకటి అరుదు.

ఆ పునుగు తైలానికి మూలమైన ద్రవ్యం ఒక చిన్న జంతువు శరీరం నుండి లభిస్తుంది. పునుగుపిల్లి అని మనం పిలిచే ఈ ప్రాణి నిజానికి పిల్లి జాతికి చెందినది కాదు. బూడిద రంగు దేహం, దాని మీద వరుసలుగా నల్లని చుక్కలు, పట్టీలు పట్టీలుగా ఉండే తోక, కోసుగా ఉండే మూతి దీని గుర్తులు. శేషాచలం అడవులలోనూ, చిత్తూరు ప్రాంతంలోని పొలాల గట్ల మీది పొదలలోనూ పగలంతా దాగి ఉండి, రాత్రివేళ ఎలుకలను, పురుగులను, పండ్లను తిని బ్రతుకుతుంది. తోక క్రింద ఉండే గ్రంథులలో ఊరే వెన్నవంటి పదార్థమే పునుగు. తన సంచార ప్రాంతాన్ని తోటి జంతువులకు తెలియజేయడానికి అది రాళ్లకు, మోళ్లకు ఈ పదార్థాన్ని పూస్తుంది. అంటే మనిషికి సుగంధమైనది ఆ జీవికి ఒక విధమైన వ్రాత.

పచ్చిగా ఉన్నప్పుడు పునుగు వాసన భరింపరానిది. అయితే దానిని అతి స్వల్పంగా తీసుకొని నూనెలోనో, మద్యసారంలోనో కలిపితే ఆ ఘాటు మాయమై, పూల వాసనను పోలిన మృదువైన పరిమళం పుడుతుంది. ఇందులో వింత లేదు. మల్లె జాతి పూలలో ఉండే ఇండోల్ అనే పదార్థం కూడా చిక్కగా ఉంటే దుర్గంధమే. పునుగుకు మరొక గుణం ఉంది. త్వరగా ఎగిరిపోయే పూల వాసనలను అది పట్టి నిలుపుతుంది. ఉదయం పూసుకొన్న గంధం సాయంత్రం వరకు నిలవాలంటే ఇటువంటి ద్రవ్యమొకటి తోడు కావాలి. ప్రాచ్య దేశాలవారు, పాశ్చాత్యులు దీనిని కోరుకోవడానికి కారణం ఇదే.

తెలుగువారికి పునుగుతో గల పరిచయం చాలా పాతది. కాకతి గణపతిదేవుడు సముద్ర వర్తకులకు అభయమిస్తూ 1244లో మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. గాలివానకు ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఓడలలోని సరుకును పూర్వపు రాజులు స్వాధీనం చేసుకొనేవారు. అలా చేయక, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకొంటానని ఆయన ప్రకటించాడు. ఆ శాసనంలోని సుంకాల పట్టికలో చందనం, కర్పూరం, పన్నీరు, ముత్యాలు, దంతం, పట్టునూలు వంటి వాటితో పాటు జవాది కూడా ఉంది. జవాది అన్నా, సంకుమదమన్నా పునుగు వంటి ద్రవ్యమే. అరబ్బీ భాషలో దీనిని జబాద్ అంటారు. ఇటలీవారి జిబెత్తో, ఫ్రెంచివారి సివెత్ అనే మాటలు దాని నుండి పుట్టినవే. మన జవాదికీ అరబ్బీ పదానికీ గల పోలిక చెవికే తెలుస్తుంది. సరుకుతో పాటు మాట కూడా ఓడలెక్కి తిరిగిందన్నమాట.

మోటుపల్లి శాసనం తరువాత నూటయాభై ఏండ్లకు కొండవీటిలో కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలు జరిపేవాడు. ఆ ఉత్సవాలకు కావలసిన సుగంధద్రవ్యాలను అవచి తిప్పయసెట్టి సమకూర్చేవాడు. శ్రీనాథుడు తన హరవిలాస కావ్యాన్ని ఈ వర్తకునికే అంకితమిచ్చాడు. పంజారం నుండి కర్పూర వృక్షాలు, గోవా నుండి సంకుమదం, భోటదేశం నుండి కస్తూరి తెప్పించిన వర్తక వంశమని కవి ఆ కావ్యం అవతారికలో వర్ణించాడు. కావ్యానికి కృతిపతిగా రాజును కాక సుగంధాల వ్యాపారిని నిలపడం నాటి సమాజంలో పరిమళానికి ఉన్న విలువను తెలియజేస్తుంది.

పునుగు ఏ పాత్రలో ఉండేది? ఈ ప్రశ్నకు తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలో సమాధానం దొరకడం మన అదృష్టం. 1408 నుండి 1503 వరకు జీవించిన ఆ వాగ్గేయకారుడు శుక్రవారపు అభిషేకాన్ని కన్నులారా చూసి ఒక సంకీర్తన రచించాడు. పచ్చకర్పూరాన్ని నూరి బంగారు గిన్నెలలో నింపారని, పునుగును కూర్చి నిప్పు మీద కరిగించి వెండి పళ్లాలలో పోశారని అందులో క్రమంగా చెప్పాడు. భక్తి గీతమే అయినా, అందులోని వివరం చూస్తే పాకశాస్త్ర గ్రంథంలా ఉంటుంది. ఏ ద్రవ్యం ఏ పాత్రలోనిదో, ఏది నూరవలసినదో, ఏది కరిగించవలసినదో కవి మరచిపోలేదు. తిరుమల ఆలయ కుడ్యాల మీది తమిళ శాసనాలలో పుళుగుకాప్పు అనే పేరుతో కనిపించే సేవ కూడా ఇదే.

ఇక్కడ ఒక విషయం గమనింపదగినది. ఆ గిన్నెలు బంగారువే అయినా వాటిని మలచిన కంసాలి పేరు ఎవరికీ తెలియదు. సేవ పూర్తికాగానే గిన్నె ఖాళీ అవుతుంది. మళ్లీ శుక్రవారం వరకు దాని అవసరం లేదు. పరిమళం ఉన్నంతసేపే పాత్రకు గౌరవం. మన పెండ్లిండ్లలో అతిథుల మీద పన్నీరు చిలకరించే పన్నీరుబుడ్డి కథ కూడా ఇంతే. వెండిదైనా, గాజుదైనా అది ఇంటి సామాను మాత్రమే. దాని మీద పేరు ఉండదు. ఉన్నా అది ఇచ్చిన చుట్టం పేరై ఉంటుంది.

ఫ్రాన్సులో పరిస్థితి ఇందుకు భిన్నంగా పరిణమించింది.

దక్షిణ ఫ్రాన్సులోని గ్రాస్ పట్టణం మొదట తోళ్ల పరిశ్రమకు పేరుపొందింది. పదహారవ శతాబ్దంలో ప్రభువర్గాలవారు పరిమళం పట్టించిన తోలు చేతొడుగులను మోజుగా ధరించేవారు. తోలు వాసనను కప్పిపుచ్చడానికి మొదలైన పని క్రమంగా అసలు వృత్తిని మించిపోయి, గ్రాస్ చుట్టూ మల్లె, గులాబి తోటలు వెలిశాయి. గాజు పలకలకు కొవ్వు పూసి, దాని మీద పూలు పరచి, వాటి వాసన కొవ్వుకు ఎక్కేవరకు రోజూ పూలు మార్చడం అక్కడివారి పద్ధతి. మల్లెపూల పొరల మధ్య నువ్వులు ఉంచి, వాసన పట్టిన తరువాత గానుగాడించడం మన పద్ధతి. రెండింటిలోని కిటుకు ఒకటే. గ్రాస్ ప్రాంతపు ఈ నైపుణ్యాలను యునెస్కో 2018లో మానవజాతి సాంస్కృతిక వారసత్వంలో చేర్చింది.

పంతొమ్మిదవ శతాబ్దంలో వ్యాపార కేంద్రం పారిస్‌కు మారింది. గెర్లాఁ కుటుంబం 1828లో అక్కడ దుకాణం తెరిచింది. 1853లో మహారాణి యూజెనీ కోసం ఈ సంస్థ తయారుచేసిన పరిమళజలానికి పోషే గాజు కర్మాగారంవారు ప్రత్యేకమైన సీసా చేసి ఇచ్చారు. ఆ సీసా నిండా 69 తేనెటీగల ఉబ్బెత్తు బొమ్మలు ఉంటాయి. తేనెటీగ నెపోలియన్ వంశపు చిహ్నం. ఆ రాజ్యం 1870లో కూలిపోయింది. తేనెటీగల సీసా మాత్రం నేటికీ అమ్ముడవుతూనే ఉంది.

1889లో ఎమే గెర్లాఁ రూపొందించిన జికీ అనే పరిమళం ఈ చరిత్రలో ఒక మలుపు. అంతవరకు పరిమళమంటే ఏదో ఒక పువ్వును అనుకరించడమే. జికీలో లావెండర్ పూలసారంతో పాటు, ప్రయోగశాలలో తయారైన వనిలిన్, కూమరిన్ అనే రసాయనాలు చేరాయి. వాటన్నిటినీ పట్టి నిలిపేందుకు పునుగు చేరింది. తిరుమలలో వెండి పళ్లెంలో కరిగిన ద్రవ్యానికి దాయాది వంటిదే పారిస్ నాగరికుల చేతిరుమాళ్లకు ఎక్కిందన్నమాట. దాయాది అనడానికి కారణం ఉంది. యూరపుకు చేరిన పునుగు ప్రధానంగా ఇథియోపియాలోని పెద్దజాతి పునుగుపిల్లుల నుండి వచ్చేది. దానిని ఎద్దుకొమ్ములలో కూరి ఎగుమతి చేసేవారు. స్ఫటికపు సీసాలోని పరిమళం తన ప్రయాణాన్ని ఎద్దుకొమ్ములో మొదలుపెట్టిందని కొన్నవారిలో ఎందరికి తెలుసునో!

సీసాను సామాన్యుల చెంతకు తెచ్చిన ఘనత ఫ్రాంస్వా కోటీ, రెనే లాలిక్ అనే ఇద్దరికి దక్కుతుంది. అంతకుముందు పరిమళాలను మందుల దుకాణంలోని సీసాల వంటి సాదా సీసాలలో అమ్మేవారు. ధనవంతులు ఇంటికి వెళ్లి తమ సొంత అలంకార పాత్రలలో పోసుకొనేవారు. కార్సికా ద్వీపానికి చెందిన కోటీ పారిస్‌లోని వాందోమ్ కూడలిలో దుకాణం పెట్టాడు. లాలిక్ నగల దుకాణం ఆ పొరుగునే ఉండేది. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దం చివర వారి సహకారం మొదలైంది. లాలిక్ గాజును అచ్చులలో అదిమి, తక్కువ ఖర్చుతో అందమైన సీసాలు వేల సంఖ్యలో చేసే విధానాన్ని అభివృద్ధి చేశాడు. నగల పనివాని చేతి నేర్పు అలా ఒక గుమాస్తా ఇంటి అద్దపుబల్ల మీదికి కూడా చేరింది. ఇది మెచ్చుకోదగిన విషయమే. అయితే నాటి నుండి కొనేవారు ముక్కుతో గాక కంటితో పరిమళాన్ని ఎంచుకోవడం మొదలైంది.

బకారా కర్మాగారం ఇందుకు మరింత వన్నె తెచ్చింది. లొరేన్ ప్రాంతంలో 1764లో స్థాపితమైన ఈ సంస్థ స్ఫటికం వంటి గాజుకు ప్రసిద్ధి. గెర్లాఁవారి 1912 నాటి లేర్ బ్లూ, 1919 నాటి మిత్సుకో అనే రెండు పరిమళాలకు ఒకే ఆకారపు సీసాను వాడారు. తలక్రిందులైన హృదయం వంటి బిరడా దాని ప్రత్యేకత. ఆ రెండు సంవత్సరాల మధ్య మొదటి ప్రపంచయుద్ధం జరిగింది.

అన్నిటికంటె ప్రసిద్ధమైన సీసా మన దేశపు పేరుతో వెలసిన షాలిమార్‌ది. జాక్ గెర్లాఁ రూపొందించిన ఈ పరిమళాన్ని 1925లో పారిస్‌లో జరిగిన అలంకార కళల ప్రదర్శనలో ఘనంగా ప్రవేశపెట్టారు. జికీ ద్రవంలో కొత్త రకం వనిలిన్‌ను ఒలకబోయగా ఇది పుట్టిందని ఆ సంస్థవారు చెప్పుకొనే కథ. రేమోఁ గెర్లాఁ గీసిన నమూనా ప్రకారం బకారావారు సీసా చేశారు. మొగలాయి తోటలలోని నీటి తొట్టెను తలపించే అంచులు గల దేహం, పొట్టి పాదం, విసనకర్ర వలె విచ్చుకొన్న నీలిరంగు బిరడా. షాజహాను, ముంతాజ్ ఆ తోటలో విహరించారనే కథను ప్రచారానికి జోడించారు. లాహోరులోని షాలిమార్ తోట పని ప్రారంభమైనది 1641లో. ముంతాజ్ 1631లోనే మరణించింది. శ్రీనగరులోని షాలిమార్ తోట అంతకు ముందే జహంగీరు కాలంలో వెలసినది గనుక కథను అక్కడికి మళ్లించుకోవచ్చు గాని, ప్రకటనలు వ్రాసేవారు చరిత్ర పుస్తకాలు తిరగవేయరని మాత్రం తెలుస్తూనే ఉంది.

ఈ సీసాలకు మూతి బిగించే పని కూడా ఒక కళ. బిరడాను అమర్చిన తరువాత సన్నని పొరను మెడకు కప్పి, దారంతో చుట్టి, ముడివేసి, లక్కముద్ర వేస్తారు. దీనిని చేతితోనే చేసే పనివారు నేటికీ ఉన్నారు. ఆవకాయ జాడీ మూతికి మన అవ్వలు వాసెన కట్టే తీరు చూసినవారికి ఇది క్రొత్తగా తోచదు. గాలి చొరబడితే రెండూ చెడిపోతాయి.

ఎంత బిగించినా పరిమళం శాశ్వతం కాదు. వెలుతురు, వేడిమి, గాలి దానికి శత్రువులు. నారింజ, నిమ్మజాతి వాసనలు ముందుగా చెడి, ద్రవం రంగు మారుతుంది. అందుకే పాత సీసాలను సేకరించేవారిలో చాలామంది లోపలి ద్రవాన్ని పట్టించుకోరు. ఖాళీ సీసాకే వేలంపాటలో వేల రూపాయలు పలుకుతుంది. వాసన కోసం పుట్టిన పాత్ర, వాసన పోయిన తరువాత కూడా బ్రతుకుతున్నది. ద్రవాన్నే కాపాడాలనుకొన్నవారూ లేకపోలేదు. 1990లో వెర్సాయ్‌లో ఒస్మోతెక్ అనే సుగంధ భాండాగారం ఏర్పడింది. అక్కడ పాత పరిమళాలను 12 డిగ్రీల చల్లదనంలో, చీకటిలో, ఆర్గాన్ వాయువు నింపి సాదా సీసాలలో దాచి ఉంచుతారు. అలంకారం ఏమీ లేని ఆ సీసాలే పరిమళానికి నిజమైన మేలు చేస్తున్నవి.

ఇంతవరకు చెప్పిన వైభవానికి వెల చెల్లించినది పునుగుపిల్లి. ఇథియోపియాలో దానిని పట్టి, ఒళ్లు తిప్పుకోవడానికి కూడా చోటులేని కర్రల బోనులో బంధించి, కొన్ని రోజులకొకసారి గ్రంథులను నొక్కి కొమ్ము చెంచాతో పునుగును గీకి తీసేవారు. ఇరవయ్యవ శతాబ్దం చివర జంతు సంరక్షణ సంస్థలు ఈ హింసను లోకానికి వెల్లడించాయి. షనెల్ సంస్థ తన ప్రఖ్యాతమైన ఐదవ నంబరు పరిమళంలో 1998 నుండి సహజమైన పునుగును మానివేసి కృత్రిమ ద్రవ్యాన్ని వాడుతున్నట్లు ప్రకటించింది. 1921లో ఎర్నెస్ట్ బో రూపొందించిన ఆ పరిమళం అంతవరకు అసలు పునుగుతోనే తయారయ్యేది.

కృత్రిమ పునుగు తయారీకి దారి చూపినవాడు స్విట్జర్లండులో పనిచేసిన లియొపోల్డ్ రుజీచ్కా. పెద్ద కర్బన వలయాలు నిలకడగా ఉండలేవని ఆనాటి రసాయన శాస్త్రజ్ఞుల నమ్మకం. పునుగులోని ప్రధాన సుగంధమైన సివెటోన్ 17 కర్బన పరమాణువుల వలయమని 1926లో ఆయన నిరూపించి ఆ నమ్మకాన్ని వమ్ము చేశాడు. కస్తూరిలోని మస్కోన్ 15 పరమాణువుల వలయం. ఈ పరిశోధనలకు ఒక సుగంధద్రవ్యాల సంస్థ అండగా నిలిచింది. రుజీచ్కాకు 1939లో నోబెల్ బహుమతి లభించింది. ఇంటర్మీడియట్ రసాయనశాస్త్రం చదివే విద్యార్థి వలయ సమ్మేళనాల పాఠం వచ్చినప్పుడు శుక్రవారపు అభిషేకాన్ని తలచుకొనవచ్చు.

మరి తిరుమల సంగతి ఏమిటి? ఆలయ సేవకు కృత్రిమ ద్రవ్యం తగదని సంప్రదాయజ్ఞుల అభిప్రాయం. అందుకే తిరుమల తిరుపతి దేవస్థానంవారు తమ గోశాలలో పునుగుపిల్లులను పెంచుతూ వచ్చారు. ఇక్కడి పద్ధతి వేరు. బోనులో చందనపు కర్రను పాతి ఉంచుతారు. పునుగుపిల్లి తన సహజ స్వభావం చేత దానికి ఒళ్లు రాచుకొంటుంది. కర్రకు అంటిన పునుగును తరువాత గీకి తీసుకొంటారు. గ్రంథిని నొక్కరు, గాయపరచరు. అయితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పునుగుపిల్లికి రక్షణ కల్పించింది. దానిని బంధించి పెంచాలంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. భగవంతుని సేవ కొరకైనా ఈ నియమానికి మినహాయింపు లేదనే వాదన రావడంతో అటవీశాఖకూ దేవస్థానానికీ నడుమ ఈ అంశం చర్చనీయమైంది.

ఇందులో ఇరుపక్షాల మాటలోనూ న్యాయం ఉంది. ఐదు శతాబ్దాలకు పైబడిన ఆచారాన్ని ఒక్క కలంపోటుతో తుడిచివేయలేము. చందనపు కర్ర పద్ధతి ఇథియోపియా పద్ధతితో పోల్చదగినది కాదనేది కూడా నిజం. కాని రాత్రంతా అడవిలో తిరిగే జీవికి బోను బోనే. అభిషేకానికి కావలసిన పునుగు అతి స్వల్పం గనుక, దానికోసం అడవి నుండి క్రొత్త జంతువులను పట్టవలసిన పని లేకుండా చూడడం సాధ్యమే. తిరుపతి దుకాణాలలో పునుగు పేరుతో అమ్మే చిన్న డబ్బీల విషయంలో మాత్రం సందిగ్ధతకు తావు లేదు. వాటిలో ఉన్నది అసలైనదైతే చట్టవిరుద్ధం, కాకపోతే మోసం. శేషాచలం అడవిలో ఏ మోటు మీదనో రాత్రివేళ పునుగుపిల్లి పూసి పోయిన గుర్తును మరునాడు మరొక పునుగుపిల్లి వచ్చి వాసన చూస్తుంది.

కఠిన పదాలకు అర్థాలు

అలదు = పూయు; తిరుమంజనం = స్వామికి చేసే పవిత్ర స్నానం; సంకుమదం = జవాది, పునుగు వంటి ద్రవ్యం; అవతారిక = కావ్యం మొదట ఉండే పీఠిక; కృతిపతి = కావ్యాన్ని అంకితం పొందినవాడు; కుడ్యం = గోడ; బిరడా = సీసా మూత; వాసెన = పాత్ర మూతికి కట్టే గుడ్డ; భాండాగారం = విలువైన వస్తువులను భద్రపరిచే చోటు; మోటు = కొట్టివేసిన చెట్టు మొదలు.

అభ్యాసం

1. మోటుపల్లి శాసనం, హరవిలాసం ఆధారంగా తెలుగుదేశంలో సుగంధద్రవ్యాల వర్తకాన్ని వివరించండి.

2. తిరుమలలోని గిన్నెకూ, పారిస్ సీసాకూ గల భేదాన్ని రచయిత ఎలా చూపారు? మీరు దానితో ఏకీభవిస్తారా?

3. రుజీచ్కా పరిశోధన ప్రాముఖ్యాన్ని సంగ్రహంగా వ్రాయండి.

4. సందర్భసహిత వ్యాఖ్య వ్రాయండి: "సరుకుతో పాటు మాట కూడా ఓడలెక్కి తిరిగిందన్నమాట."

5. మీ ఇంటిలో గాని, మీ ఊరి గుడిలో గాని వాడే ఒక సుగంధద్రవ్యం ఎక్కడి నుండి వస్తుందో, ఎవరు తయారుచేస్తారో తెలుసుకొని ఒక పుటకు మించకుండా వ్రాయండి.